వీడియోకో దిష్టిచుక్క

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ‘బాబూస్ ఫాస్ట్‌ఫుడ్’ తెరిచి ఇంకా నెల తిరగలేదు. ప్రారంభం రోజున అద్దాల తలుపుకు కట్టిన బెలూన్లు గాలి పోయి, ముడతలు పడి అక్కడే వేలాడుతున్నాయి. లోపల మూల బల్ల మీద ఎనిమిది ప్లేట్లు పరిచి ఉన్నాయి. వాటి వెనక కూర్చున్న దయాసాగర్ నాలుగోసారి చికెన్ లాలీపాప్ కొరికి, నాలుగోసారి కళ్ళు మూసుకున్నాడు.

“ఇంకొంచెం సేపు మూసుకోరా,” అన్నాడు శ్రీకృష్ణ ఫోను కిందికి దించకుండానే. “నువ్వు కళ్ళు మూసుకుంటేనే జనం చూస్తారు. తెరిచినావంటే పక్క వీడియోకు పోతారు.”

“చల్లారిపోయిందిరా. నూనె పేరుకొని ఉండాది.”

“మొహంలో తెలియనీబాక.”

దయాసాగర్ మొహంలో తెలియనివ్వలేదు. అదే అతని విద్య. దేవుడు కొందరికి గొంతిస్తాడు, కొందరికి చేతిలో పని పెడతాడు. ఉదయగిరి దయాసాగర్‌కు మాత్రం మొహం ఇచ్చాడు. అతను తింటుంటే చూసేవాళ్ళ నోట్లో నీళ్ళూరతాయి. ‘తిన్నాకే చెప్తాం’ అనే వాళ్ళ చానల్‌ను ఇప్పుడు నెల్లూరు నుంచి బద్వేలు దాకా లక్షమంది చూస్తున్నారు. ఆ మొహం కింద ఒక కడుపు కూడా ఉందనీ, అది పొద్దున లేవగానే ఒక గ్యాస్ మాత్ర, షూటింగు ముందు ఇంకో మాత్ర అడుగుతోందనీ ఆ లక్షమందిలో ఒక్కరికీ తెలియదు.

చూసేవాళ్ళకు అది రెండు నిమిషాల వీడియో. చేసేవాళ్ళకు నాలుగు గంటల చాకిరి. ప్లేటు రాగానే తినడానికి లేదు. పైనుంచి ఒక షాటు, పక్కనుంచి ఒక షాటు, స్పూనుతో పైకెత్తి ఇంకో షాటు. అంతలోకే ఫ్రైడ్ రైస్‌కు ఆవిరి పోతుంది. ఆవిరి లేని అన్నం ఫోన్లో రాత్రి మిగిలినదానిలా కనబడుతుందని శ్రీకృష్ణ ప్లేటు వెనక వేణ్ణీళ్ళ గ్లాసు దాచిపెడతాడు. ఆవిరి గ్లాసుది, అన్నం చల్లది. ఆ చల్లటి అన్నం నోట్లో పెట్టుకొని దయాసాగర్ “అబ్బ, కాలింది” అని ఊదుకోవాలి. రెండేళ్ళుగా ఊదుకుంటూనే ఉన్నాడు.

ఈమధ్య ఏం తిన్నా అతనికి ఒకటే రుచి, సాసు రుచి. నూడిల్సయినా, మంచూరియా అయినా, బర్గరయినా నాలుక మీద ఒకే ఎర్రటి పులుపు పూసినట్టు ఉంటుంది. ఈ సంగతి శ్రీకృష్ణకు కూడా చెప్పలేదు. పాటగాడు తనకు చెవుడొచ్చిందని చెప్పుకొని తిరుగుతాడా?

యజమాని సురేంద్రబాబు కౌంటరు దిగి బల్ల దగ్గరికి వచ్చాడు. తెల్లచొక్కా జేబులో రెండు ఫోన్లు, నుదుటిన తాజా కుంకుమ. ప్లేట్లన్నీ ఒకసారి చూసుకొని, “ఎంతవరకొచ్చింది?” అన్నాడు.

“ఎనిమిది అయినాయి సార్. పకోడీ, సూపు ఉండాయి,” అన్నాడు శ్రీకృష్ణ. “దిష్టిచుక్క యాడ పెట్టమంటారో చెప్పండి.”

ఈ దిష్టిచుక్క శ్రీకృష్ణ కనిపెట్టిన పద్ధతి. బిడ్డ మరీ ముద్దుగా ఉంటే తల్లి బుగ్గన నల్లచుక్క పెడుతుంది కదా, వీడియోకూ అట్లాంటిది ఒకటి కావాలంటాడు. అన్నీ బాగున్నాయంటే డబ్బులు తీసుకున్నారని జనం పసిగడతారు. తొమ్మిదింటిని మెచ్చుకొని ఒక్కదాన్ని తిడితే, అబ్బ ఎంత నిక్కచ్చిగా చెప్పాడు అంటారు. ఆ ఒక్కటీ ఏదో హోటలు వాళ్ళనే అడిగి చేస్తారు. వాళ్ళు ఎవరూ అడగని సూపునో, ఫ్రిజ్జులో పడి ఉండే పుడ్డింగునో చూపిస్తారు. ఎవరికీ నష్టం లేని తిట్టు అది. రెండేళ్ళలో యాభై హోటళ్ళకు పెట్టారు, ఒక్కరూ కిమ్మనలేదు.

సురేంద్రబాబు వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“చికెన్ పకోడీకి పెట్టండి.”

“సూపు ఉండాది గదా సార్,” అన్నాడు శ్రీకృష్ణ. “ఆత్మకూరులో సూపు ఎవరు తాగతారు? దానికి పెడితే మీకు...”

“పకోడీకే అని చెప్పినాను గదబ్బయా.”

హోటలు ఆయనది, పకోడీ ఆయనది. మధ్యలో మనదేం పోయింది అన్నట్టు శ్రీకృష్ణ తలూపాడు.

వంటింటికీ బల్లలకూ మధ్య కిటికీ లాంటి ఖాళీ ఉంది. అందులోంచి ఒక ముసలామె కనిపిస్తోంది. నల్లటోపీ పెట్టుకున్న నెల్లూరు వంటమాస్టరు పెద్దమంట మీద బాణలి ఎగరేస్తుంటే, ఆమె ఒక మూల చిన్న మూకుడు ముందు నిలబడి ఉంది. నూనెలో ఒక కరివేపాకు వేసి, అది చిటపటమని పైకి తేలిందాక ఆగింది. తర్వాత కోడిముక్కలను ఒక్కొక్కటిగా వేళ్ళతో జారవిడిచింది. గుప్పెడు తీసి ఒక్కసారిగా కుమ్మరించలేదు. ముక్క ముక్కకూ మధ్య చోటు వదిలింది. ఎర్రబడ్డాక తీసి, ఒక నిమిషం ఆగి, మంట పెంచి మళ్ళీ వేసింది. సర్వరు చెయ్యి చాపినా ఇవ్వకుండా ప్లేటు తనే పట్టుకొని వచ్చింది.

“వందనాలు నాయనా,” అంది ప్లేటు అతని ముందు పెట్టి. “నువ్వు ఉదయగిరి రెబెకమ్మ కొడుకువి గదా? నా పేరు హన్నమ్మ. చర్చి మహాసభల్లో మీ అమ్మా నేనూ ఒకే పొయ్యి కాడ వండినాము. మా మనవరాలు నీ వీడియోలు చూపిస్తా ఉంటాది. వేడిమీద తిను.”

శ్రీకృష్ణ ఫోను చార్జింగుకు పెడుతున్నాడు. దయాసాగర్ షాటు కోసం ఆగకుండా ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

పైన పెళుసు, లోపల మెత్తన. రోట్లో దంచిన అల్లం వెల్లుల్లి పలుకులు పలుకులుగా తగిలాయి. ధనియాల వాసన ముక్కులోకి పోయింది. కారం నిదానంగా ఎక్కి, చెవుల దగ్గర ఆగింది. ఉప్పు ఎక్కడ పడాలో అక్కడ పడింది. దయాసాగర్‌కు ఒక్కసారిగా సంతోషం, దాని వెనకే ఏడుపులాంటిది వచ్చాయి. నాలుక ఇంకా బతికే ఉంది. రెండో ముక్క తీసుకున్నాడు. అప్పుడు కళ్ళు మూసుకున్నాడు కానీ షాటు తీసేవాళ్ళు లేరు.

“రెడీనా?” అంటూ శ్రీకృష్ణ వచ్చాడు.

హన్నమ్మ లోపలికి పోయిందాక దయాసాగర్ ఆగాడు. పొగ లాగే ఫ్యాను హోరులో ఆమెకు వినబడదని నిశ్చయించుకొని మొహం చిట్లించాడు. “అన్నీ బాగున్నాయిగానీ ఫ్రెండ్స్, ఈ చికెన్ పకోడీ దగ్గర దెబ్బతిన్నాం. ఉప్పు ఎక్కువైపోయింది. అల్లం గొంతుకు పట్టుకుంటా ఉండాది. పాతకాలం చెయ్యిలాగా ఉండాది, మార్చుకోవాల. ఇది మాత్రం తీసుకోబాకండి.”

“ఒక్క టేకులో ఓకే!” అన్నాడు శ్రీకృష్ణ. “పాతకాలం చెయ్యి అన్నావు చూడూ, అదిరా మాటంటే.”

ఆ మాట ఎక్కడినుంచి ఊడిపడిందో దయాసాగర్‌కే తెలియదు. ఫోను ఆపాక పకోడీ ప్లేటు దగ్గరికి లాక్కొని, చివరి పలుకు దాకా తిన్నాడు. మిగిలిన తొమ్మిది ప్లేట్లూ చెత్తబుట్టలోకి పోయాయి.

శనివారం వీడియో పెట్టారు. సోమవారం పొద్దున ఉదయగిరిలో దయాసాగర్ ఇంటి అరుగు మీద కూర్చొని మజ్జిగన్నం తింటుంటే, తల్లి రెబెకమ్మ చాటలో బియ్యం చెరుగుతూ అంది, “హన్నమ్మ చెయ్యి బాగలేదన్నావంట గదరా. చర్చిలో అనుకున్నారు. మహాసభల్లో రెండు వేలమందికి ఉప్పు వేసిన చెయ్యి అది. కొలిచి గూడా వెయ్యదు.”

“ఒక్కోరోజు ఒక్కోమాదిరి ఉంటాదిలేమా,” అన్నాడు అతను తలెత్తకుండా.

కడుక్కున్న చెయ్యి తడి ఆరకముందే ఫోను మోగింది. వీడియోల కింద హోటలు వాళ్ళ కోసం పెట్టుకున్న నంబరు అది.

“నాయనా, నేను హన్నమ్మని. ఆత్మకూరు నించి. పనిలో ఉండావా?”

“లేదు పెద్దమ్మా, చెప్పు.”

“ఏం లేదు. ఉప్పు ఎక్కువైందన్నావు గదా, ఏ మాత్రం ఎక్కువైంది? చిటికెడా, అంతకన్నానా? అల్లం గూడా అన్నావు. అల్లం పాతదా, లేకపోతే నేనే ఎక్కువ దంచినానా అని.” ఆమె గొంతులో కోపం లేదు. వైద్యుడితో నొప్పి ఎక్కడో చెప్పుకుంటున్నట్టు మాట్లాడుతోంది. “బాబు నిన్న పనిలోకి రావద్దన్నాడు. నీ వీడియో చూపించినాడు. నాదేం లేదు హన్నమ్మా, లోకం అంటా ఉండాది, నేనేం చేసేది అన్నాడు. నిజమే గదా, ఆయన మాత్రం ఏం చేస్తాడు. కానీ నాకు తెలియలేదు నాయనా. వేసేటప్పుడు సరిపోయిందనే అనుకున్నా. వయసు గదా, నాలిక పోయిందేమో. ఒకసారి ఇంటికొచ్చి తిని చెప్పి పోతావా? దిద్దుకుంటాను. దిద్దుకున్నానని బాబుకు చెప్పుకుంటాను.”

దయాసాగర్ గోడకు ఆనుకున్నాడు. అప్పుడే చెప్పెయ్యవలసింది. “రేపు వస్తాను పెద్దమ్మా,” అని మాత్రం అన్నాడు.

మంగళవారం పదకొండుకు ఆత్మకూరులో బస్సు దిగేసరికి శ్రీకృష్ణ బైకు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. దయాసాగర్‌కు కూడా ఒకటి చెప్పి, తనే మొదలుపెట్టాడు.

“ఆయమ్మకు పని పోయిందంట గదా. నిన్న కనుక్కున్నా.”

“ఎందుకు తీసేసినాడు?”

“బాబు తోపుడుబండి మీద ఉన్నప్పటినించీ పకోడీ వేసేది ఆయమ్మే. జనాన్ని తెచ్చింది ఆ పకోడీనే. ఇప్పుడు ఏసీ పెట్టినాడు, మాస్టరును తెచ్చినాడు. ఆయమ్మేమో ఆదివారం చర్చి అయిందాక రానంటాది. వీళ్ళకు ఆదివారం మధ్యాన్నమే గిరాకీ. ఊరికే తీసేస్తే వాళ్ళ కాలనీ అంతా అడగతారు, వాళ్ళంతా ఈయన గిరాకీలే. అందుకని మన నోటితో అనిపించినాడు.”

“మన నోటితో గాదు,” అన్నాడు దయాసాగర్. “నా నోటితో.”

“నువ్వూ నేనూ వేరేనా?” శ్రీకృష్ణ గ్లాసులో అడుగున మిగిలిన టీని నేల మీద చల్లాడు. “మనకు తెలుసా ఏంది? ఎప్పుడూ సూపు చూపించేవాళ్ళే గదా. ఈయన మనిషిని చూపించినాడు. ఆయమ్మ దగ్గరికి పోయి, రెండు ముక్కలు తిని, ఇప్పుడు బ్రహ్మాండంగా ఉండాది అని చెప్పి వచ్చేద్దాం. ఆమెకూ తృప్తి, మనకూ బరువు పోతాది.”

అది మంచి ఉపాయంలాగే వినిపించింది. బైకెక్కి కలువాయి రోడ్డులో కాలనీకి పోయిందాక దయాసాగర్ కూడా అట్లాగే చేద్దామనుకున్నాడు.

హన్నమ్మ ఇంటిముందు రేకులు దింపిన పంచ, పంచలో గ్యాసుపొయ్యి. రెండు కుర్చీలు వేసి, వాటిని చెంగుతో తుడిచింది. నీళ్ళిచ్చింది. ఆ వెంటనే మూడు చిన్న ప్లేట్లు తెచ్చి వరసగా పెట్టింది.

“ఇది ఉప్పు తగ్గించినది. ఇది అల్లం సగమే వేసినది. ఇదేమో మా మనవరాలు ఫోన్లో చూసి చెప్పింది, పెరుగులో నానబెట్టి చేసినా. మూడూ తిను. ఏది బాగుంటే అది పట్టుకుంటాను.”

అరకిలో పైగానే కోడి ఉంటుంది. పని పోయిన మనిషి కొన్న కోడి. దయాసాగర్ మొదటి ప్లేటులోంచి ఒక ముక్క తిన్నాడు. చప్పన. రెండోది పిండి రుచి తప్ప ఇంకేం లేదు. మూడోది బాబూస్‌లో మాస్టరు చేసేదానికి తమ్ముడు. షూటింగు నాడు అతని నాలుకను లేపి కూర్చోబెట్టిన చెయ్యి ఈ మూడింటిలో ఎక్కడా లేదు. తన ఒక్క మాటకు భయపడి ఆ చెయ్యి ఎక్కడో దాక్కుంది.

హన్నమ్మ ప్లేట్లను చూడటం లేదు. అతని మొహాన్నే చూస్తోంది.

“కళ్ళు మూసుకోలేదే,” అంది చిన్నగా. “ఇంకా కుదరలేదా?”

శ్రీకృష్ణ పక్క కుర్చీలోంచి కాలితో తన్నాడు. బ్రహ్మాండం అను, పోదాం అని దాని అర్థం. దయాసాగర్ ప్లేటు కింద పెట్టాడు.

“పెద్దమ్మా, ఆ రోజు పకోడీలో ఏ తప్పూ లేదు.”

“అంటే?”

“ఉప్పు సరిపోయింది. అల్లం సరిపోయింది. అంత మంచిది నేను తిని శానా నాళ్ళయింది. ప్లేటంతా నేనే తిన్నా. బాగలేదని చెప్పమని సురేంద్రబాబు అన్నాడు, చెప్పినాను. ఆయన దగ్గర డబ్బులు తీసుకున్నాం. ప్రతి వీడియోలో ఏదో ఒకదాన్ని అట్ట చెప్తాం, జనం నమ్మాలని. నిన్ను తీసేస్తాడని మాత్రం తెలియదు.”

హన్నమ్మ లేచి పొయ్యి మీద కాగుతున్న నూనె కింద మంట ఆపింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

“ఉప్పు సరిపోయిందా?” అని మళ్ళీ అడిగింది.

“సరిపోయింది పెద్దమ్మా.”

ఆమె గడప మీద కూర్చుంది. “మూడు దినాల్నించి పులుసు గూడా పక్కింటి ఓబమ్మకు రుచి చూపించి దించతా ఉండా. నా నోటిని నేను నమ్మడం మానుకున్నా. మొగుడు పోయిన రోజు గూడా వచ్చినోళ్ళకు నేనే వండినా నాయనా, ఎవురూ ఉప్పు ఎక్కువ తక్కువ అనలా.” చెంగుతో మొహం తుడుచుకుంది. “చెప్పినావు, మంచిదే. కానీ లక్షమంది ముందర అన్న మాటను, ఇంట్లో నా ఒక్కదాని చెవిలో వెనక్కి తీసుకుంటే సరిపోతాదా?”

సరిపోదు. అది చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. దయాసాగర్ శ్రీకృష్ణ వైపు తిరిగి, “ఫోను తియ్యిరా,” అన్నాడు.

శ్రీకృష్ణ అతన్ని చెయ్యి పట్టుకొని రోడ్డు దాకా తీసుకుపోయాడు. “నీకు పిచ్చి పట్టిందా? బాబు మీద చెప్తే చెప్పు. దిష్టిచుక్క సంగతి ఎందుకు? యాభై హోటళ్ళ వాళ్ళు చూస్తారు. రేపటినించి మనల్ని ఎవరు పిలుస్తారురా? మా ఇంట్లో పొయ్యి వెలిగేది దీనిమీదే.”

“మా ఇంట్లో గూడా దీనిమీదే.”

“మరి?”

“ఆయమ్మ పెరుగు వేస్తా ఉండాదిరా,” అన్నాడు దయాసాగర్. “నేనన్న మాటకు పెరుగు వేసుకుంటా ఉండాది.”

శ్రీకృష్ణకు అది అర్థమయిందో లేదో. చాలాసేపు రోడ్డున పోయే గొర్రెల మందను చూస్తూ నిలబడ్డాడు. మంద అంతా దాటిపోయాక జేబులోంచి ఫోను తీసి, అద్దం చొక్కా అంచుకు తుడిచాడు.

ఇంకా వండకుండా మిగిలిన ముక్కలతో మొదట చేసినట్టే చెయ్యమని అడిగారు. హన్నమ్మ ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. వేళ్ళ మధ్య ఉప్పును చూసుకుంది. “వెయ్యి పెద్దమ్మా,” అన్నాడు దయాసాగర్. కళ్ళు పక్కకు తిప్పుకొని వేసేసింది. రోట్లో అల్లం దంచేటప్పుడు మాత్రం చెయ్యి తడబడలేదు. పొగలు కక్కే పకోడీ వచ్చింది. వేణ్ణీళ్ళ గ్లాసు అవసరం రాలేదు. దయాసాగర్ తిన్నాడు, రుచి వచ్చింది, కానీ మొహంలో ఏ విద్యా ప్రదర్శించలేదు. ఫోను వైపు చూసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. డబ్బులు తీసుకొనే చెప్తామని, ఏది తిట్టాలో కూడా వాళ్ళే చెప్తారని, ఈ పకోడీ విషయంలో తను ఆడింది అబద్ధమని, దాంతో ఈ మనిషికి పని పోయిందని చెప్పాడు. పక్కింటి ఓబమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి విన్నారు. హన్నమ్మ పొయ్యి పక్కన చేతులు కట్టుకొని, సాక్ష్యం వింటున్నట్టు నిలబడింది.

ఆ సాయంత్రమే శ్రీకృష్ణ వీడియో పెట్టాడు. మారుమాట లేకుండా పెట్టాడు. స్నేహితుడంటే అంతే మరి. నీతో పాటు బావిలో దూకడు, కానీ తాడు మాత్రం వదలడు.

సురేంద్రబాబు ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. పొదలకూరు హోటలు వాళ్ళు వచ్చే వారం షూటింగు వద్దన్నారు. ఇవన్నీ అనుకున్నవే. అనుకోనిది ఇంకొకటి జరిగింది. శుక్రవారం పొద్దున శ్రీకృష్ణ ఫోను చేసి, వీడియో కింద జనం రాసినవి చదివి వినిపించాడు.

“‘ఈ వంటామె ఎంత ఇచ్చింది బ్రో?’ దీనికి నాలుగు వందల లైకులు. ‘మొన్న బాబు ఇచ్చినాడు, ఈరోజు పకోడీ అవ్వ ఇచ్చింది, రేపు ఎవరో.’ ఇంకోడు, ‘యాక్టింగ్ అదిరింది, ఏడుపు ఒకటి తక్కువైంది.’ వినబడతా ఉండాదా?”

“వింటా ఉండా.”

“అబద్ధం చెప్పినన్ని రోజులూ నమ్మినారురా. ఒక్కరోజు నిజం చెప్తే రేటెంత అంటా ఉండారు.” శ్రీకృష్ణ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “తిన్నావా?”

“తిన్నా. ఈ మూడు దినాలు ఇంటి అన్నమే. ఆకలి తెలస్తా ఉండాది.”

“అదొక్కటి మిగిలిందిలే,” అని శ్రీకృష్ణ పెట్టేశాడు.

దయాసాగర్‌కు విసుగు కూడా రాలేదు. విసుగు రావడానికైనా ఒంట్లో కొంచెం ఓపిక ఉండాలి. ఒక్క హన్నమ్మకైతే తెలుసు కదా, తను పైసా తీసుకోలేదని. ఆ పంచలో నిలబడి కళ్ళతో చూసింది, చెవులతో విన్నది ఆమె. లక్షమంది ఏమనుకున్నా ఆమె ఒక్కతే చాలు అనుకున్నాడు. ఆ రోజంతా ఆ మాటనే పట్టుకొని తిరిగాడు.

శనివారం పది గంటలప్పుడు గేటు చప్పుడైంది. చూస్తే హన్నమ్మ. చర్చికి కట్టే తెల్లచీర, చేతిలో పెద్ద గుడ్డసంచి.

“పెద్దమ్మా! బస్సులో వచ్చినావా ఇంత దూరం? లోపలికి రా.”

“కూర్చోను నాయనా, పదకొండు బస్సుకు పోవాల. సాయంత్రానికి పొయ్యి వెలిగించాల.” ఎండకు నడిచి వచ్చిన మొహం నిగనిగలాడుతోంది. “బాబు మళ్ళీ పిలవలేదు, నేనూ పోలేదు. మా కాలనీ మొదట్లో బల్ల వేసుకున్నా, గురువారం నించి. నీ వీడియో చూసి పది పదిహేనుమంది వస్తా ఉండారు. నిన్న ఒకాయన సంగం నించి వచ్చినాడు, ఉప్పు సరిపోయిందవ్వా అని చెప్పి పోయినాడు. ఆదివారం మాత్రం చర్చి అయినాక, మధ్యాన్నం నించే పెడతాను.”

దయాసాగర్ గుండె నిండింది. ఎన్నాళ్ళకు ఒక మంచిమాట విన్నాడు. నవ్వుతూ అమ్మను పిలవబోతుంటే, హన్నమ్మ సంచి కింద పెట్టి మూతి విప్పింది. కాళ్ళు కట్టిన నాటుపెట్ట ఒకటి తల బయటికి పెట్టి చూసింది.

“ఇది నీకు.”

“ఎందుకు పెద్దమ్మా ఇవన్నీ? నువ్వే పెంచుకో. ప్రేమగా తెచ్చినావు, అది చాలు.”

“ప్రేమకు గాదు నాయనా. మాట చెప్పినావు గదా, దానికి.” ఆమె కోడిని రెండు చేతులతో పైకి తీసింది. “సురేంద్రబాబు ఇచ్చినాడు. నేను ఇయ్యకపోతే ఎట్ట?”

దయాసాగర్ మొహంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది. “ఆయన ఇచ్చింది అబద్ధానికి పెద్దమ్మా. నేను నీ గురించి చెప్పింది నిజం. నిజానికి ఏమీ తీసుకోను.”

హన్నమ్మ ఆలోచించింది. ఆమె మొహంలో ఎత్తిపొడుపు లేదు, వెటకారం లేదు. ఉంటే తట్టుకోగలిగేవాడు.

“నువ్వే చెప్పినావు గదా నాయనా, డబ్బులు తీసుకొనే చెప్తామని. మా వీధి వీధంతా విన్నారు. ఓబమ్మ అనింది, ఊరికే చెప్పించుకున్నావు, రేపు బాబు ఇంకొంచెం ఎక్కువ ఇచ్చి, హన్నమ్మ పకోడీ బాగలేదని మళ్ళీ చెప్పమంటేనో అని. నాకు రెండు దినాలు నిద్ర పట్టలా.”

“నేను చెప్పను పెద్దమ్మా. మా అమ్మ మీద ఒట్టు, చెప్పను.”

“ఆ రోజు చెప్పినావు గదా,” అంది హన్నమ్మ మెల్లగా.

ఉన్న జవాబులన్నీ అతను అయిపోగొట్టుకున్నాడు.

“తక్కువైందా?” ఆమె కంగారుపడింది. “ఇంట్లో ఇంకో పెట్ట ఉండాది. గుడ్ల మీద ఉండాది, లేచినాక తెస్తాను. ఇప్పటికి దీన్ని పట్టుకో నాయనా. నువ్వు తీసుకుంటేనే నాకు ధైర్యం.”

వద్దంటే ఆమె ఈ భయంతోనే బస్సెక్కుతుంది. ఈ భయంతోనే రేపు ఉప్పు వేస్తుంది. దయాసాగర్ చేతులు చాపాడు. కోడి వెచ్చగా ఉంది, దాని గుండె టపటపమని అతని వేళ్ళకు తగిలింది.

హన్నమ్మ మొహం తేటపడింది. “ఇప్పుడు నిమ్మళంగా ఉండాది,” అంది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని, “అమ్మకు వందనాలు చెప్పు,” అని బస్సుకు ఆలస్యమవుతుందని గబగబా నడిచి వెళ్ళిపోయింది.

వచ్చింది ఎవరని రెబెకమ్మ లోపలినుంచి రెండుసార్లు అడిగింది. దయాసాగర్ కోడిని రొమ్ముకు ఆనించుకొని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.